వరిచేని చిరుమీను

గాజుతొట్టిలో చేపలను పెంచుట నేడు మన పట్టణములలో అరుదైన వినోదము కాదు. వైద్యుల యిండ్లలోను, భోజనశాలలలోను, కలిగినవారి సావళ్లలోను దీపకాంతితో వెలుగుచుండు తొట్టిని చూడనివారు లేరు. అందు గుంపుగా తిరుగుచు, ఒక్కటి మళ్లిన అన్నియు మళ్లు రెండంగుళముల చేపలను చూచి, ఇవి ఏ అమెరికా నుండియో, ఏ సింగపూరు నుండియో దిగినవని మన మనుకొందుము. కొన్ని నిజముగా అట్లు వచ్చినవే. కాని ఈ చిన్నచేపలలో లోకమున మిక్కిలి పేరుపొందిన దొకటి మన దేశపు వరిచేలలోనిది. దాని దగ్గరి చుట్టములు తెనాలి, బాపట్ల, రేపల్లె కాలువలలో పుట్టి పెరుగునవి. వరిమడిలోని చిరుమీను గాజుతొట్టి కెట్లు చేరినది, అచ్చట అది సుఖముగా నుండుటకు మనమేమి చేయవలెను, ఈలోపల మన కాలువలలో దాని గతి యేమైనది అను మూడు విషయములను శ్రోతలకు మనవి చేయదలచినాను.

ముందు దాని పుట్టినింటిని గూర్చి కొంత చెప్పవలెను. కృష్ణపై బెజవాడకడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసెను. దాని కుడిప్రక్కనుండి బయలుదేరిన కాలువలు ఈ సీమను వరిపైరుతో నింపినవి. కాలువనుండి పిల్లకాలువ, పిల్లకాలువనుండి బోదె, బోదెనుండి మడి. నీరు పోవు త్రోవయే చిరుమీను పోవు త్రోవ. వేసవిలో కాలువలు కట్టినప్పుడు అది గుంటలలోను చెఱువులలోను తలదాచుకొనును. తొలకరికి నీరు వదలగానే మడుల కెగబ్రాకి గ్రుడ్లు విడుచును. కోతలకు ముందు మడి నీరు తీయగా పిల్లలతో గూడ మరల కాలువ చేరును. రైతునకు ఏది పంచాంగమో దానికిని అదియే పంచాంగము.

ఇట్టి చిన్నచేపలను మనవారు పరిగెలందురు. కోత యయిన పిమ్మట చేనిలో రాలి మిగిలిన వెన్నుల నేరుకొనుటకును పరిగె యనియే పేరు. ఈ రెండు మాటలకును పుట్టుక యొక్కటే యని నేను వాదింపను గాని, రెండును బీదవాని పాలిటివే యగుట నిజము. సంతలో కొరమీను తూకమున కమ్ముడగును. పరిగెలు పోగున కమ్ముడగును. ముల్లు తీయ నక్కఱలేకుండ పులుసులో వేసికొని తినుటకు తప్ప వాని నెవ్వరును పట్టించుకొనలేదు. సంస్కృతకవులు శఫరి యనియు, తెలుగుకవులు బేడిస యనియు చెప్పి కన్నులకు పోలికగా వాడుకొని విడిచిరి.

చేపలను వినోదవస్తువుగా నెంచుట మాత్రము మన దేశమునకు క్రొత్త కాదు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున కూర్చిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. ఏటి చేప యేది, సముద్రపు చేప యేది, పొలుసు గల దేది, లేని దేది, ఏ చేపకు ఏ మేత యిష్టము అను విషయములు అందు వివరింపబడినవి. అయితే అది గాలమువేసి పట్టు రాజుల వినోదము. పట్టుటకు పెద్దచేప కావలెను గనుక పరిగెకు అందు గౌరవము దక్కలేదు.

తరువాత విదేశీయులు వచ్చిరి. రేపల్లె సీమలోని నిజాంపట్టణమును వారు పెటపోలి యనిరి. అచ్చట 1606లో డచ్చివారును, 1611లో గ్లోబు అను నౌకపై వచ్చిన ఇంగ్లీషువారును వర్తకస్థానము లేర్పఱచుకొనిరి. వారి కన్ను మన నేతబట్టలమీద నుండెను గాని నీటిలోని జీవులమీద లేదు. తెలుగుసీమ చేపలను శాస్త్రదృష్టితో చూచిన తొలివారిలో ముఖ్యుడు పాట్రిక్కు రస్సెలను వైద్యుడు. ఆయన విశాఖపట్టణమున నుండి, 1785 మొదలు 1789 వఱకు ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. అచ్చట సేకరించిన 200 చేపల వర్ణనలును చిత్రములును 1803లో లండనులో రెండు సంపుటములుగా వెలువడెను. రస్సెలు తెలుగు జాలరులు చెప్పిన పేర్లనే తన లిపిలో వ్రాసికొనెను. మన పాలసొఱ్ఱ పేరు ఆ గ్రంథము మూలముననే పాశ్చాత్యుల శాస్త్రనామములలో చేరినది. కాని రస్సెలు చూపు ముఖ్యముగా సముద్రముమీద నుండెను. కాలువలోని చిరుమీను మఱియొకని కొఱకు వేచియుండెను.

ఆ మఱియొకడు ఫ్రాన్సిసు బుకానను. ఈయనయు స్కాట్లండు దేశపు వైద్యుడే. తరువాత హామిల్టనని పేరు మార్చుకొనెను. 1807 మొదలు 1814 వఱకు బంగాళాదేశమును సర్వే చేయుచు, పోయిన చోటనెల్ల వలలోని చేపలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచేత పటములు వ్రాయించెను. 1815లో స్వదేశమునకు మరలినప్పుడు ఆ పటములలో పెక్కింటిని కలకత్తాలోనే విడిచిపోవలసి వచ్చెను. అయినను 1822లో ఎడింబరోలో గంగానదిని, దాని శాఖలను గూర్చిన మత్స్యగ్రంథమును ప్రకటించెను. నేడు ప్రపంచపు గాజుతొట్లలో ఈదుచున్న భారతీయ చిరుమీనములలో పెక్కింటికి నామకరణము జరిగినది ఆ యొక్క గ్రంథముననే.

అందు కోసీనదిలో దొరకిన ఒక చేప కలదు. ఒడలు వేలెడు పొడవైనను లేదు. తలనుండి తోకకొనవఱకు నీలము, వెండి రంగుల చాళ్లు. దానికి హామిల్టను రేరియో యని పేరు పెట్టెను. అది చేరిన వర్గమునకు డానియో యని పేరు. ఈ డానియో యేమి? వంగభాషలో 'ధానీ' యనగా వరిచేనికి సంబంధించినది. వారి ధాన, మన ధాన్యము ఒకే సంస్కృతశబ్దమునుండి వచ్చినవి. లోకమంతయు జీబ్రా డానియో యని పిలుచుచున్న చేప పేరును విప్పి చూచినచో అందు మన ధాన్యపుమడి కనబడుచున్నది. మనము పరిగె యన్నాము, వారు ధానీ యన్నారు. ఇరువురకును అది వరిచేని జీవియే.

హామిల్టను వర్ణించిన ఇతర చేపలలో కొన్నింటిని డెల్టా కాలువగట్టున నిలిచి ఎవరైనను గుర్తింపవచ్చును. కంటినుండి తోకవఱకు ఒక్క నల్లని గీత గల సన్నని చేప రాస్బోరా డానికోనియసు. ఒడలిలో సగమువఱకు పోవు మీసములతో, అలజడి యైనచో నీటిపైకెగురు చేప ఈసోమసు. తోక మొదట నల్లచుక్క గల పరిగె పుంటియసు. ఎముకలు సయితము కనబడునంత తేటగా నుండు చేప రంగా. నీటి పైపొరనే తిరుగుచు దోమపిల్లలను తినునది పాంచాక్సు. ఇవన్నియు 1822 గ్రంథముననే శాస్త్రలోకమున కెక్కినవి.

చేప సరే, గాజుతొట్టి యెక్కడిది? పింగాణీ పాత్రలలో బంగారుచేపలను పెంచుట చీనావారు పూర్వమే యెఱుగుదురు. కాని నీరు నిత్యము మార్చకయే చేపను బ్రతికించు రహస్యమును విప్పి చెప్పినవాడు లండనులోని రాబర్టు వారింగ్టనను రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన 1849లో ఒక తొట్టిలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. చేప విడుచు బొగ్గుపులుసు గాలిని మొక్క తీసికొనుచు, ప్రాణవాయువును మరల నిచ్చుచుండెను. కాని మొక్క ఆకులు కుళ్లి నీరు చెడనారంభించెను. అప్పుడు కొన్ని నత్తలను వేయగా అవి కుళ్లును తినివేసెను, నీరు తేరుకొనెను. ఈ ప్రయోగమును 1850లో ఆయన ప్రకటించెను. 1853లో లండను జంతుశాలలో చేపలకొక గాజుమందిరము తెఱవబడెను. 1854లో ఫిలిప్పు గాసు వ్రాసిన గ్రంథముతో అక్వేరియమను పేరు స్థిరపడెను. వారింగ్టను క్రొత్తగా సృష్టించినదేమియు లేదు. ఏ యూరి చెఱువులోనైనను నిత్యము జరుగుచున్న ఇచ్చిపుచ్చుకోలును గాజుగోడల నడుమ కట్టి చూపినాడు.

ఉష్ణదేశపు చేపలు చలిదేశములకు పోవుట అటుపిమ్మటి మాట. 1869లో చీనానుండి స్వర్గమీనమను చేప పారిసునకు చేరి, కార్బొన్యే అను నాతని యింట పిల్లలను పెట్టెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జీబ్రా డానియోలు జర్మనీకి పోయినవి. తొట్ల క్రింద చిన్నదీపములు పెట్టి వారు నీటిని వెచ్చగా నుంచెడివారు. మన సీమలో ఉచితముగా దొరకు వేడిమిని వారు నూనె పోసి కొనుక్కొనిరన్నమాట. మనకు దగ్గరలో, మదరాసు సముద్రతీరమున 1909లో ప్రజల కొఱకొక మత్స్యప్రదర్శనశాల తెఱవబడెను. హిందూదేశమున అట్టివానిలో అదియే మొదటిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడెను. 1936లో దక్షిణ అమెరికాలోని అమెజాను సీమనుండి వచ్చిన నియాను టెట్రా, ఎఱ్ఱని నీలపు తళుకులతో అన్ని దేశములవారిని మోహింపజేసినది. నేడు మన అంగళ్లలో గుంపుచేప యనగానే చూపునది దానినే.

డానియోకు అంతకంటె గొప్ప యోగము పట్టినది. అమెరికాలోని ఆరెగాను విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింజరను పండితుడు, వెన్నెముక గల జీవి పిండము ఎట్లు పెరుగునో చూచుటకు ఈ చేప నెన్నుకొని, 1981లో తన ఫలితములను ప్రకటించెను. దీని గ్రుడ్డు తల్లి కడుపులో గాక నీటిలో పెరుగును. పిండము గాజువలె తేటయై యుండును. ఒక్క దినములో అవయవముల రూపురేఖ లేర్పడును. రెండు మూడు దినములలో పొదిగి బయటపడును. సుమారు మూడు నెలలలో మరల గ్రుడ్లు పెట్టదగిన దగును. 2013లో దీని జన్యుపటము పూర్తిగా వెలువడినప్పుడు, మానవుని జన్యువులలో 100కి 70 వఱకు సాటివి ఈ చేపలోను కలవని తేలెను. గుండెజబ్బు, రక్తదోషము, పుండ్లుపడి మాను విధానము మున్నగు ఎన్నో విషయములను నేడు శాస్త్రజ్ఞులు ఈ చేప మూలముననే పరీక్షించుచున్నారు. పోగున కమ్మబడు పరిగెల చుట్టము వైద్యమునకు గురుస్థానమున కూర్చున్నది.

ఇక దీనిని ఇంట పెంచు విధము. చరిత్ర చెప్పుచు సంసారపు మాటలలోనికి దిగినందులకు శ్రోతలు విసుగుకొనవలదు. చేప చరిత్ర తెలిసినవానికే దాని పోషణ తెలియును. మొదటిది గుంపు. చిరుమీనునకు కోర లేదు, ముల్లు లేదు. గుంపే దాని కోట. కార్లు ఫాన్ ఫ్రిషను పండితుడు 1938లో ఒక వింత కనుగొనెను. గుంపులో నొక చేపకు గాయమైనచో, దాని చర్మమునుండి వెలువడు పదార్థమొకటి నీటిలో కలిసి, తక్కిన చేపలన్నిటిని క్షణములో హెచ్చరించును. కంటితోను, ప్రక్కలనుండు స్పర్శరేఖతోను, ఈ వాసనతోను అవి ఒండొంటిని కనిపెట్టి యుండును. కావున ఒక చేపనో రెండిటినో తెచ్చి పెంచుట వానికి కారాగారమే. రంగు వెలిసి, మూల నక్కి, లేదా తోడిచేపను తఱిమి కొఱికి చిక్కిపోవును. ఆరింటికి తగ్గకూడదు; ఎనిమిదో పదియో యున్నచో మేలు.

రెండవది చోటు. గుండ్రని గాజుకుండ చేపకు తగదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో 55 లీటర్ల నీరు పట్టును; పది చిరుమీనులకు అది చాలును. బరువు 50 కిలోలు దాటును గనుక పీట గట్టిదై యుండవలెను. మూత తప్పనిసరి, మడిగట్టు దాటుట నేర్చిన చేపకు తొట్టియంచు ఒక లెక్క కాదు.

మూడవది ఓర్పు. క్రొత్త తొట్టిలో నీరు పోసిన నాడే చేపలను విడిచి, వారమునకు అవి తేలిపోగా, చేయి మంచిది కాదని విచారించువారిని నేను పలువురిని చూచినాను. దోషము చేతిది కాదు. చేప విసర్జించునది అమోనియాగా మారును, అది విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. మఱియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. దానిని కొంతవఱకు చేప సహించును, మొక్క తినును. ఈ సూక్ష్మజీవుల కాపురము నిలుచుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. అంతవఱకు ఇసుక, మొక్కలు, నీరు వడపోయు స్పంజి నమర్చి, దినమునకు చిటికెడు మేత మాత్రము వేయుచు కాచుకొనవలెను. పిమ్మట కొన్ని కొన్నిగా చేపలను విడువవలెను. ఆ స్పంజిని కుళాయినీట కడిగినచో కాపురమంతయు కొట్టుకొనిపోవును. తొట్టిలోనుండి తీసిన నీటిలోనే పిండవలెను.

వారమున కొకసారి నాలుగవవంతు నీరు మార్చిన చాలును. పురపాలకసంఘపు నీటిలో క్లోరిను కలియును. వెడల్పు బానలో ఒకదిన ముంచినచో అది చాలవఱకు పోవును. మేత దినమునకు రెండుమారులు, రెండు మూడు నిమిషములలో తినివేయునంత మాత్రమే. ఆకలిచే చచ్చిన తొట్టిచేపలకంటె అధికమేతచే చెడిన తొట్లే యెక్కువ. తెనాలి, బాపట్లలలో చలికాలమున నీటికి వేడి పెట్టవలసిన పని డానియోకు లేదు. మన కష్టము వేసవిది. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. తొట్టిని ఎండపడు కిటికీకి దూరముగా నుంచి, కరెంటు పోయినప్పుడు గిన్నెతో నీరు ముంచి ఎత్తునుండి పోయుచుండుడు. ఇది చదువు రానివారును చేయగల వైద్యము.

ఇంతదాక చెప్పినది వినోదము. దీనికొక చేదుభాగము కలదు. తేటగా నుండు రంగా చేప ఒంటిలోనికి సూదితో రంగులెక్కించి, చిత్రమైన చేపలని అమ్మిరి. అట్టిచేప తఱచు రోగముపాలగును. ఆ రంగును కొలదికాలములోనే వెలిసిపోవును. రంగువేసిన చేపను కొనకుండుటయే దానికి చేయగల ఉపకారము. 1865లో ఫ్రాన్సిసు డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు కొండయేళ్లలోని ఎఱ్ఱగీత చేప కొకదానికి, అప్పటి మదరాసు గవర్నరు విలియం డెనిసను పేరు పెట్టెను. తరువాత విదేశపు తొట్ల కొఱకు దానిని ఏళ్లనుండి విచ్చలవిడిగా పట్టి యెగుమతి చేయుటచే అది అపాయమున నున్న జాతుల పట్టిక కెక్కినది. దోమలను తినునని 1928లో ఇటలీనుండి మన దేశమునకు తెచ్చిన గాంబూసియా, దోమపిల్లలతో ఆగక దేశపుచేపల గ్రుడ్లను పిల్లలను గూడ తినును. ఆ పని చేయుటకు పాంచాక్సు మన యింటనే యుండెను. దాని నడిగినవారు లేరు.

అన్నిటికంటె పెద్ద దెబ్బ చేనిలోనే తగిలినది. పురుగులమందు మడిలో చల్లిన, మడినీరు మురుగుకాలువలో దిగును. ఆ కాలువ చేపల త్రోవయే గదా. ఎండోసల్ఫాను అను మందు నీటిలో లేశమైనను చేపలపాలిటి యముడు. 2011లో సుప్రీముకోర్టు దానిని నిషేధించువఱకు దేశమున అది వాడుకలో నుండెను. పంటను కాపాడుకొనుట రైతునకు ధర్మమే. కాని దోమపిల్లను, పురుగుపిల్లను తిని చేనికి సాయపడు జీవి పురుగుతోపాటు పోవుట ఆ ధర్మములో భాగము కాదు. 1945లో బాపట్లలో వ్యవసాయకళాశాల వెలసినది. 2022లో బాపట్ల పేర జిల్లాయే యేర్పడి రేపల్లె అందు చేరినది. ఇట్టి సీమలో మడికి మందు ఎంత, ఎప్పుడు, నీరు నిలిపి చల్లవలెనా తీసి చల్లవలెనా యను ప్రశ్నలలో చిరుమీనును గూడ ఒక కక్షిదారుగా నెంచుట దుస్సాధ్యము కాదు.

ఇంట తొట్టి పెట్టదలచిన తలిదండ్రులకు నా మనవి యొక్కటి. అమెజాను చేపను కొనవలదని నేను చెప్పను. దానితోపాటు, లేదా దానికి ముందు, పిల్లలను వెంటబెట్టుకొని, మందునీరు దిగని చెఱువుగట్టునకు పొండు. ఎనిమిది పరిగెలను గుడ్డతో పట్టి తెచ్చి, పైని చెప్పిన ఓర్పుతో పెంచుడు. మీసాల చేప యేది, నల్లగీత చేప యేది, చుక్క చేప యేది అని వారికి గుర్తించుట నేర్పుడు. మీ యూరి జాలరి దానికి చెప్పు పేరడిగి, రస్సెలు వలె ఆ పేరు ఒక పుస్తకమున వ్రాసిపెట్టుడు. పెంచలేనినాడు వానిని తెచ్చిన నీటిలోనే విడువుడు. కొన్న పరదేశపు చేపలను మాత్రము ఎన్నడును కాలువలో విడువకుడు.

డానియో జాతి నశించునను భయము లేదు. అది ప్రపంచమందలి ప్రయోగశాలలలో లక్షలుగా పెరుగుచున్నది. కాని వాని లోపల వరిమడి నెఱిగిన చేప లేదు. తొలకరి నీటి నెఱిగిన చేప లేదు. పేరులో మాత్రము ధాన్యము నిలిచినది. ఆ పేరునకు అర్థము చెప్పగల చేప మన బోదెలలో నింకను కలదు. అది యచ్చట నుండుటయో, గాజువెనుక మాత్రమే యుండుటయో మన చేతిలోని పని.